అలారం మోతకు ఆగిన గుండె: ఆరేళ్లు ‘ఫిట్స్’ అనుకున్న ఒక కేసు

సంక్రాంతి వెళ్లిన నాలుగో రోజు. తెల్లవారుజామున నాలుగున్నరకు భర్త ఫోన్‌లో అలారం మోగింది. ఆయన పాల కేంద్రానికి వెళ్లాలి కాబట్టి రోజూ మోగేదే. పక్కన పడుకున్న భార్య ఉలిక్కిపడి లేచి కూర్చుంది. ఏదో అనబోయి వెనక్కి పడిపోయింది. కళ్లు తేలేసింది, కాళ్లూ చేతులూ కొట్టుకున్నాయి. వయసు 26. రెండున్నర నెలల బాలింత.

ఇంట్లోవాళ్లకు ఇది కొత్త కాదు. ఇరవయ్యో ఏట నుంచి ఆమెకు ఫిట్స్ ఉన్నాయని మందులు వాడుతున్నారు. అత్తగారు పరుగున వెళ్లి తాళాల గుత్తి తెచ్చి చేతిలో పెట్టింది. కాసేపటికి కొట్టుకోవడం ఆగింది. గొంతులోంచి ఆగి ఆగి గురక లాంటి చప్పుడు వస్తోంది. ఫిట్ తగ్గి నిద్రపోతోందనుకున్నారు.

అది నిద్ర కాదని గుర్తుపట్టింది మరిది. అతను పరవాడలో ఒక మందుల ఫ్యాక్టరీలో పనిచేస్తాడు, పండక్కి వచ్చి ఉన్నాడు. ఫ్యాక్టరీలో ఇచ్చిన సేఫ్టీ ట్రైనింగ్‌లో ఒక బొమ్మ మీద సీపీఆర్ చేయించారు. గుండె ఆగిన మనిషి మొదటి నిమిషాల్లో చేప నోరు తెరిచినట్టు ఎగశ్వాస తీస్తాడని, దాన్ని ఊపిరి అనుకోవద్దని అక్కడ చెప్పిన మాట అతనికి గుర్తుంది. వదినను మంచం మీద నుంచి కిందికి దించి, ఛాతీ మధ్యలో రెండు చేతులూ పెట్టి నొక్కడం మొదలుపెట్టాడు. అన్న 108కి ఫోన్ చేశాడు. అంబులెన్సు వచ్చేసరికి దాదాపు పధ్నాలుగు నిమిషాలు. అందులో డీఫిబ్రిలేటర్ ఉంది. రెండో షాక్‌కి నాడి దొరికింది.

ఆమెను సుజాత అందాం. పేరు, ఊరు, మనిషిని గుర్తుపట్టే మరికొన్ని వివరాలు మార్చాను. రాయమని చెప్పింది ఆ కుటుంబమే.

మా ఐసీయూలో మొదటి గంట

పక్క పట్టణంలో వెంటిలేటర్ మీద పెట్టి మా దగ్గరికి తీసుకొచ్చేసరికి ఎనిమిది దాటింది. అమియోడరోన్ డ్రిప్ నడుస్తోంది. షాక్‌లకు లొంగని లయకు ప్రోటోకాల్‌లో ఉన్న మందే అది, అక్కడివాళ్లు వాడటంలో తప్పేమీ లేదు. మానిటర్ చూస్తుండగానే ఇంకోసారి లయ తప్పింది. పన్నెండు సెకన్లు. తనంతట తానే ఆగింది. ప్రింట్ తీసి చూస్తే గీతలు పెద్దవవుతూ, సన్నబడుతూ, కిందిది పైకీ పైది కిందికీ తిరుగుతూ అచ్చం జడ అల్లినట్టు ఉన్నాయి. 1966లో డెసెర్టెన్ అనే ఫ్రెంచి వైద్యుడు దీనికి టోర్సాడ్ డి పాయింట్స్ అని పేరు పెట్టాడు. మొనలు మెలిక తిరగడం అని అర్థం. ఈ మెలిక కనపడితే ముందుగా చూడాల్సింది ఈసీజీలో క్యూటీ. కింది గదులు ఒకసారి కొట్టుకుని, మళ్లీ కొట్టుకోవడానికి సిద్ధం కావడానికి పట్టే కాలం అది. సుజాతకు దాన్ని గుండె వేగానికి సరిచేసి లెక్కేస్తే 600 మిల్లీసెకన్లు దాటింది. ఆడవాళ్లలో 460 వరకు మామూలు. 500 దాటితే ప్రమాదం.

అమియోడరోన్ ఆపేశాం, అదే క్యూటీని ఇంకా సాగదీస్తుంది. రెండు గ్రాముల మెగ్నీషియం సల్ఫేట్ ఇచ్చాం. రక్తంలో పొటాషియం 2.7 ఉంది, అది కనీసం 3.5 ఉండాలి. సెంట్రల్ లైన్ వేసి 4.5 పైకి తెచ్చాం. తాత్కాలిక పేస్‌మేకర్ తీగ వేసి గుండెను నిమిషానికి 90 దగ్గర నడిపించాం. వేగం తగ్గినప్పుడు, మధ్యలో విరామం వచ్చినప్పుడు ఈ మెలిక మొదలవుతుంది. విరామమే లేకుండా చేస్తే దానికి చోటు దొరకదు. ఆ తర్వాత మళ్లీ రాలేదు.

క్యూటీ పెరిగింది కదా అని అక్కడితో ఆగడానికి లేదు. బాలింతకు గుండె ఆగితే వెతకాల్సినవి చాలా ఉన్నాయి. ఊపిరితిత్తుల్లో రక్తపు గడ్డ, మెదడు సిరల్లో గడ్డ, మెదడులో రక్తస్రావం, కాన్పు తర్వాత గుండె కండరం బలహీనపడటం, గుండె రక్తనాళం గోడ తనంతట తానే చీలడం. వీటిలో మెదడులో రక్తస్రావం క్యూటీని కూడా పెంచుతుంది, ఫిట్స్ కూడా తెప్పిస్తుంది. అందుకే తలకు, ఛాతీకి స్కాన్లు మొదటి రోజే చేశాం, యాంజియోగ్రామ్ ఐదో రోజున. అన్నీ బాగున్నాయి. ఎకోలో పంపింగ్ మొదట 45 శాతం ఉంది, నాలుగో రోజుకు 60కి వచ్చింది. గుండె ఆగి మళ్లీ నడిచినప్పుడు కొన్ని రోజులు అలా డీలాపడటం మామూలే.

మూడో రోజు కళ్లు తెరిచింది. వారం రోజులపాటు కొత్త విషయమేదీ జ్ఞాపకం నిలవలేదు. “బాబు పాలు తాగాడా?” అని గంటకు పదిసార్లు అడిగేది. భర్త పదిసార్లూ “తాగాడు, నిద్రపోతున్నాడు” అని మొదటిసారి చెబుతున్నట్టే చెప్పేవాడు.

పాత ఫైలులో ఒక కాగితం

గుండె ఆగి మొదలైన మనిషి ఈసీజీ చూసి పుట్టుకతోనే క్యూటీ ఎక్కువగా ఉండే జబ్బు, అంటే లాంగ్ క్యూటీ, అని తీర్పు చెప్పకూడదు. పొటాషియం తక్కువ, వాడిన మందులు, ప్రాణవాయువు అందక మెదడుకు తగిలిన దెబ్బ, ఇవన్నీ క్యూటీని పెంచేవే. జబ్బు రాకముందు తీసిన ఈసీజీ ఒకటి దొరికితే సగం పని అయినట్టే. సిజేరియన్ ఎక్కడ జరిగిందని భర్తను అడిగాను. “ఇక్కడే సార్, మీ ఆసుపత్రిలోనే” అన్నాడు.

రికార్డు రూమ్ నుంచి ఫైలు తెప్పించాను. మత్తు ఇచ్చే ముందు తీసిన ఈసీజీ ఉంది. పైన యంత్రం అచ్చేసిన రెండు వరుసలు: లయ మామూలుగా ఉంది, టీ అలల్లో (క్యూటీ ఈ అలతోనే ముగుస్తుంది) ప్రత్యేకత లేని మార్పులున్నాయి. కింద పెన్నుతో ‘ఆపరేషన్‌కు ఫిట్’. దాని కింద సంతకం.

సంతకం నాదే.

కుర్చీలో కూర్చుని చిన్న గడులు లెక్కపెట్టాను. రెండో లీడ్‌లో, అంటే ఈసీజీలోని ఒక వరుసలో, ఒక కొట్టుకోవడానికీ తర్వాతి దానికీ మధ్య 20 గడులు. ఒక్కో గడి 40 మిల్లీసెకన్లు, అంటే 0.8 సెకన్లు, గుండె వేగం 75. క్యూటీ 11 గడులు, అంటే 440. దాన్ని 0.8 వర్గమూలంతో భాగిస్తే 492. అసలు లెక్క కట్టనక్కర్లేదు కూడా. గుండె వేగం 60కీ 90కీ మధ్య ఉన్నప్పుడు టీ అల రెండు కొట్టుకోవడాల మధ్య దూరంలో సగం లోపల ముగిసిపోవాలి. ఇక్కడ సగం దాటింది. పైగా ఛాతీ లీడ్లలో టీ అల నున్నటి గుట్టలా లేదు, పైన నొక్కు పడి రెండు మూపురాలుగా ఉంది. ఈ జబ్బులో ఒక రకానికి అది దాదాపు వేలిముద్ర లాంటిది. యంత్రం ‘ప్రత్యేకత లేని మార్పులు’ అన్నది దీన్నే. ఆ రోజు ఓపీలో జనం ఎక్కువ ఉండి ఉంటారు. యంత్రం రాసింది చదివాను, గీతను చదవలేదు.

సుజాత భర్తకు ఆ కాగితం చూపించి జరిగింది చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. “అప్పుడే తెలిస్తే ఏం చేసేవాళ్లు సార్?” అని అడిగాడు. బీటా బ్లాకర్ (ఉలికిపాటు, ఉద్రేకం ప్రభావం గుండె మీద తగ్గించే మందు) మొదలుపెట్టేవాడిని, ఏ మందులు వాడకూడదో రాసి ఇచ్చేవాడిని, కాన్పు తర్వాత తొమ్మిది నెలలు జాగ్రత్త అని చెప్పేవాడిని అన్నాను. ఇంతకంటే వేరే జవాబు నా దగ్గర లేదు.

ఆ ఫిట్స్ ఎలా మొదలయ్యేవి?

ఈ ప్రశ్న ఆరేళ్లలో ఎవరూ గట్టిగా అడగలేదు. మెదడు తరంగాలు చూసే ఈఈజీ రెండుసార్లు తీశారు, బాగానే ఉంది. తలకు సీటీ తీశారు, అదీ బాగానే ఉంది. రెండూ బాగున్నా ఫిట్స్ మందు ఫెనిటాయిన్ కొనసాగింది. ఛాతీకి అంటించే ఈసీజీ మాత్రం ఆ సిజేరియన్ దాకా తీయలేదు.

అమ్మను, భర్తను కూర్చోబెట్టి ఒక్కొక్కటీ గుర్తుచేసుకోమన్నాను. మొదటిది హాస్టల్‌లో, నిద్రలో ఉండగా గంట కొట్టినప్పుడు. రెండోది పక్కింటి పెళ్లిలో టపాసు పేలినప్పుడు. మూడోది అర్ధరాత్రి ఫోన్ మోగినప్పుడు. ప్రతిసారీ పాలిపోయి పడిపోవడం, కొట్టుకోవడం, నిమిషంలో తేరుకోవడం. “లేచి కాఫీ అడిగేది సార్” అన్నాడు భర్త. అసలైన మూర్ఛ తర్వాత మనిషి చాలాసేపు మగతగా, అయోమయంగా ఉంటాడు. నాలుక పక్కలు కొరుక్కుని ఉంటాడు. గుండె లయ తప్పి మెదడుకు రక్తం అందక పడిపోయినవాడు, లయ తనంతట తాను సర్దుకుంటే లైటు వేసినట్టు లేస్తాడు. రెండింట్లోనూ కాళ్లూ చేతులూ కొట్టుకుంటాయి కాబట్టి చూసేవాళ్లకు తేడా తెలియదు. తేడా ముందూ వెనకా ఉంటుంది.

ఏది ట్రిగ్గర్ అనేది కూడా చాలా చెబుతుంది. లాంగ్ క్యూటీలో మొదటి రకానికి పరుగు, ముఖ్యంగా ఈత ప్రమాదం. మూడో రకం నిద్రలోనో, ఊరికే కూర్చున్నప్పుడో దెబ్బతీస్తుంది. రెండో రకానికి హఠాత్తుగా వచ్చే చప్పుడు, భయం. బాలింతల్లో ఎక్కువ ప్రమాదం కూడా ఈ రెండో రకానికే. జన్యు పరీక్షలో కేసీఎన్‌హెచ్2 అనే జన్యువులో మార్పు ఉందని తేలింది. రెండో రకమే.

ఇన్నేళ్లు తట్టుకున్న గుండె ఆ రోజే ఎందుకు ఆగింది?

కుటుంబానికి నేను డెల్టా భాషలో చెప్పాను. గుండె ప్రతి కొట్టుకోవడం తర్వాత లోపలి పొటాషియంను బయటికి వదిలి సేదతీరాలి. చేనులో నీళ్లు తీసేసే తూము లాంటిది ఆ దారి. సుజాతకు ఆ తూము పుట్టుకతోనే సగం మూసుకుని ఉంది. మామూలు రోజుల్లో ఆ సగంతోనే నడిచిపోతుంది.

పండగ తర్వాత రెండు రోజులు వాంతులు, విరేచనాలు. ఊళ్లో ఆర్‌ఎంపీ సెలైన్ పెట్టి, వాంతులకు ఆండన్‌సెట్రాన్ ఇంజెక్షన్, విరేచనాలకు ఆఫ్లాక్సాసిన్ కలిసిన బిళ్లలు ఇచ్చాడు. మన ఊళ్లలో నూటికి తొంభైమందికి ఇచ్చేవే, తొంభైమందికీ ఏమీ కాదు. కానీ ఈ రెండు మందులూ అడ్డంపడేది సరిగ్గా ఆ తూముకే. విరేచనాల్లో పొటాషియం పోవడంతో అది మరింత బిగుసుకుంది. కాన్పు తర్వాతి నెలలు, అరకొర నిద్ర సరేసరి. ఇన్ని కలిసి సిద్ధంగా ఉన్నచోట అలారం మోగింది.

చిన్నవయసులో గుండె ఆగిన కేసుల్లో నేను పదే పదే చూస్తున్నది ఇదే. పుట్టుకతో వచ్చిన లోపం ఒక్కటే మనిషిని పడేయడం తక్కువ. దానికి ఆ వారం జరిగింది తోడవుతుంది. గుండె కండరం మందంగా పెరిగే జబ్బు ఉన్న కుర్రాడికి ఒంట్లో నీరు తగ్గిన రోజున ఎండలో ఆట. వైరల్ జ్వరంతో గుండె కండరం వాచినవాడికి జ్వరం తగ్గిన మూడో రోజే జిమ్. ముప్పై దాటిన మగవాళ్లలో మాత్రం మన దగ్గర కథ వేరు. అక్కడ రక్తనాళాల్లో పూడికే ఎక్కువ, దాని వెనక సిగరెట్, షుగర్, ఎవరూ చూడని కొలెస్ట్రాల్ ఉంటాయి.

మరిది నన్ను వరండాలో పట్టుకుని గొంతు తగ్గించి అడిగాడు: “కోవిడ్ టీకా వల్లేనంటారా సార్?” ఈ ప్రశ్న నాకు వారానికి నాలుగుసార్లు ఎదురవుతుంది. అడిగినవాళ్లను నేనెప్పుడూ విసుక్కోను, చిన్నవయసు చావు చూసినవాళ్లకు కారణం కావాలి. భారత వైద్య పరిశోధన మండలి దీన్నే వెతికింది. 18 నుంచి 45 ఏళ్ల మధ్య ఆరోగ్యంగా ఉంటూ హఠాత్తుగా చనిపోయిన 729 మందిని, వాళ్లకు సరిపోలిన 2,916 మందితో పోల్చి 2023లో ప్రచురించింది. టీకా ప్రమాదాన్ని పెంచలేదు. పెంచినవి ఇవి: కోవిడ్‌తో ఆసుపత్రిలో చేరి ఉండటం, చావుకు ముందు రెండు రోజుల్లో అతిగా తాగడం, తీవ్రమైన శ్రమ, మత్తు పదార్థాలు, ఇంట్లో ఇంతకుముందు హఠాత్తుగా పోయినవాళ్లు ఉండటం. ఈ చివరిది ఉన్నవాళ్లకు ప్రమాదం దాదాపు రెండున్నర రెట్లు. అతనికి ఆ చివరి మాటే గట్టిగా చెప్పి, “మీ వదిన పుట్టింట్లో ఎవరైనా ఉన్నారా?” అని అడిగాను. తెలియదన్నాడు.

తెలిసింది సుజాత తల్లికి. కేస్‌షీట్‌లో ‘కుటుంబ చరిత్ర: ఏమీ లేదు’ అని మా డ్యూటీ డాక్టర్ రాసి ఉంది. అతను అడిగింది “మీ ఇంట్లో ఎవరికైనా గుండెజబ్బు ఉందా?” అని, ఆమె లేదంది. అబద్ధం కాదు. నేను వేరేగా అడిగాను. “అమ్మా, మీ వైపు చిన్నవయసులో, నలభై లోపల, అనుకోకుండా పోయినవాళ్లు ఎవరైనా ఉన్నారా? నీళ్లలో పడి, నిద్రలో, ఎలాగైనా సరే.”

“మా చెల్లెలు ఉండేది డాక్టరు గారూ. ఇరవై ఒకటో ఏట పోయింది. పురిటి మంచం మీద. బాలింతకి గాలి సోకిందన్నారు.”

“ఆ రోజు ఏం జరిగిందో గుర్తుందా?”

“గుర్తులేకేం. మధ్యాహ్నం నిద్రపోతోంది. వంటింట్లో నా చేతిలోంచి ఇత్తడి బిందె జారి పడింది. ఆ చప్పుడికి ఉలిక్కిపడి లేచి, అలాగే పక్కకి ఒరిగిపోయింది.” కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. “ముప్పై ఏళ్లుగా నా వల్లే పోయిందనుకుంటున్నాను.”

మీ వల్ల కాదమ్మా అని చెప్పగలిగాను. ఆ వారంలో నేను చేసిన పనుల్లో అది చిన్నది కాదు.

ఇంటికి పంపేటప్పుడు

పొటాషియం సరిపోయి, మందులన్నీ ఒంట్లోంచి పోయాక పన్నెండో రోజు తీసిన ఈసీజీలో సరిచేసిన క్యూటీ 510. ప్రొప్రనొలాల్ మొదలుపెట్టాం. లాంగ్ క్యూటీకి బీటా బ్లాకర్లన్నీ ఒకటి కావు, నాడొలాల్, ప్రొప్రనొలాల్ పనిచేసినంతగా మెటొప్రొలాల్ పనిచేయదు. బిడ్డకు పాలివ్వడానికి ప్రొప్రనొలాల్ అడ్డు కాదు. ఒకసారి గుండె ఆగింది కాబట్టి ఐసీడీ తప్పదు. లయ తప్పితే లోపలి నుంచే షాక్ ఇచ్చే పరికరం అది, భుజం కింద చర్మం లోపల పెడతాం. ఖర్చు లక్షల్లో. రెండు గేదెలను అమ్మి, మిగతాది పాల కేంద్రం సొసైటీలో అప్పు తీసుకున్నారు. ఫెనిటాయిన్‌ను న్యూరాలజిస్టు మూడు నెలల్లో నెమ్మదిగా ఆపించారు.

పడకగదిలోంచి ఫోన్లు, గడియారం బయటికి వెళ్లాయి. భర్తను ఇప్పుడు తండ్రి భుజం తట్టి లేపుతాడు. వాడకూడని మందుల పట్టీ తెలుగులో రాయించి లామినేషన్ చేయించాను. వాంతుల ఇంజెక్షన్లు, అజిత్రోమైసిన్, ఫంగస్‌కు వాడే ఫ్లూకొనజోల్, కొన్ని డిప్రెషన్ మందులు అందులో ఉన్నాయి. ఒక కాపీ ఆమె పర్సులో, ఒకటి ఆర్‌ఎంపీ గోడ మీద. ఆయన స్వయంగా వచ్చి తీసుకెళ్లాడు. విరేచనాలు మొదలైతే ఆ రోజే రక్తపరీక్ష. మళ్లీ కాన్పు అనుకుంటే ముందు నా దగ్గరికి, కాన్పు తర్వాత తొమ్మిది నెలలు ఒక్క మాత్ర కూడా మానకుండా.

ఏడున్నర నెలల తర్వాత పరికరం చెక్ చేస్తే ఒక సాయంత్రం 4 గంటల 40 నిమిషాలకు ఆరు సెకన్ల మెలిక రికార్డయి ఉంది. షాక్ దాకా రాకుండానే ఆగిపోయింది. తేదీ చెబితే గుర్తొచ్చింది. ఇంటి ఎదురుగా వినాయక చవితి పందిట్లో మైకు ఒక్కసారిగా మొదలైందట, కళ్లు తిరిగినట్టయిందట. ఆ రోజు మధ్యాహ్నం మాత్ర వేసుకోవడం మర్చిపోయింది. మోతాదు పెంచాను.

మిగతావాళ్లు

జన్యువులో మార్పు తల్లి నుంచి వచ్చింది. ఆమె క్యూటీ 470, ఎప్పుడూ పడిపోలేదు. ఒకే ఇంట్లో ఒకే మార్పు ఉన్నా ఒకరికి ఏమీ కాదు, ఇంకొకరికి ప్రాణాంతకం అవుతుంది. బాబుకు కూడా ఉంది. నెలల వయసు నుంచే మందు తాగుతున్నాడు, బరువు పెరిగేకొద్దీ మోతాదు మారుస్తున్నాం.

సుజాత చెల్లెలికి పందొమ్మిది. డిగ్రీ చదువుతోంది, సంబంధాలు చూస్తున్నారు. పరీక్షకు తీసుకురమ్మంటే తల్లి రెండుసార్లు వాయిదా వేసింది. మూడోసారి అసలు సంగతి చెప్పింది. “కాగితం మీద రాకపోతే సరే డాక్టరు గారూ. రాసినది ఎవరికైనా తెలిస్తే పిల్లకి పెళ్లవుతుందా?” ఆ భయం నాకు అర్థమవుతుంది. మన ఊళ్లలో ఆడపిల్ల మీద పడే ‘జబ్బు మనిషి’ అనే మాట నిజంగా బతుకును చెడగొడుతుంది. తెలియకుండా పెళ్లయి, తెలియకుండా కాన్పయితే ఏం జరుగుతుందో ఆ తల్లి అప్పటికే రెండుసార్లు చూసింది. ఆ మాట నేను అనలేదు. ఆమెకు తెలుసు.

ఆ అమ్మాయే సెమిస్టర్ పరీక్షలయ్యాక కాలేజీ బ్యాగుతో ఒంటరిగా వచ్చింది. ఈసీజీ తీయించాను. గడులు నేనే లెక్కపెట్టాను. 486. కాగితం మడిచి బ్యాగులో పెట్టుకుంటూ “అక్కతో నేనే చెబుతాను సార్, అమ్మకి తర్వాత” అంది. ప్రొప్రనొలాల్ మొదలుపెట్టి పది నెలలైంది. ఆమెకు ఐసీడీ అవసరం లేదు.

మిగిలింది అన్నయ్య. ముప్పై ఏళ్లు, లారీ డ్రైవర్, నెలలో ఇరవై రోజులు ఒడిశా దారుల్లో ఉంటాడు. అతనికి ఆ మార్పు ఉండే అవకాశం సగానికి సగం. నా ఫోన్ ఎత్తడు, తనకేమీ లేదంటాడు. పోయిన వారం చెల్లెలు మెసేజ్ పెట్టింది: గురువారం లోడు దించడానికి విజయవాడ ఆటోనగర్‌కు వస్తున్నాడు, అక్కడి నుంచి పట్టుకొస్తాను, ఎంతసేపు ఉంటారు? ఈసీజీ టెక్నీషియన్‌ను ఆ రోజు రాత్రి తొమ్మిది దాకా ఉండమన్నాను.